గుడ్లు పెట్టే కోళ్లకు నూనెగింజలు: ఏవి పెట్టవచ్చు, ఏవి పెట్టకూడదు?



మన ఓ.పి.లో గుండె జబ్బు, బి.పి., షుగర్ ఉన్నవారికి ఆహారం గురించి చెప్పేటప్పుడు ఒక ప్రశ్న పదే పదే వస్తోంది. "సిస్టరమ్మా, దుకాణంల ఒమేగా-3 గుడ్లని డబ్బాలల్ల పెట్టి అమ్ముతున్నరు. మామూలు గుడ్డు కన్న ధర మస్తు ఎక్కువ. కోడికి అవిసెలు పెడితే అవే గుడ్లొస్తయట గదా. మా ఇంట్ల పది పెట్టలున్నయి, మేం గూడ పెట్టొచ్చునా?" బాలాపూర్, మామిడిపల్లి, తుక్కుగూడ, శంషాబాద్ వైపు నుండి వచ్చే కుటుంబాలలో ఇంటి వెనుక నాలుగు కోళ్లు పెంచుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. 2008లో విమానాశ్రయం వచ్చిన తరువాత చేలు ప్లాట్లయ్యాయి గాని, గోడ పక్కన బోర్లించిన కోళ్లగంప మాత్రం ఇంకా కనబడుతూనే ఉంది.

పెట్టవచ్చు. అయితే ఏ గింజ, ఎంత, అది ఎలాంటి స్థితిలో ఉంది అని చూసుకోకుండా పెడితే గుడ్లు తగ్గిపోతాయి. కొన్ని గింజలతో కోడే చచ్చిపోతుంది. బూజు పట్టిన చెక్క అయితే ఆ ప్రమాదం కోడితో ఆగదు. వీటన్నిటికంటే ముందు మన పేషెంట్లు తెలుసుకోవలసింది ఒకటి ఉంది. ఏ మేత తిన్న కోడి గుడ్డయినా డాక్టరు గారు రాసిన మాత్రకు బదులు కాదు.

మేత మారితే గుడ్డులో ఏమి మారుతుంది?

ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు, 5 గ్రాముల కొవ్వు, 180 నుండి 200 మిల్లీగ్రాముల కొలెస్టరాల్ ఉంటాయి. మేతలో నూనెగింజలు కలిపినంత మాత్రాన ఈ మూడింటిలో పెద్ద తేడా రాదు. "ఒమేగా గుడ్డులో కొలెస్టరాల్ ఉండదు" అని ఎవరైనా చెబితే నమ్మకండి.

మారేది కొవ్వు రకం. గుడ్డులోని కొవ్వంతా పచ్చసొనలోనే ఉంటుంది. అది కోడి కాలేయంలో తయారై, రక్తం ద్వారా పచ్చసొనలోకి చేరుతుంది. కోడి తిన్న గింజలో ఏ రకం నూనె ఉందో పచ్చసొన కొవ్వు కూడా ఆ రకం వైపు మొగ్గుతుంది. బిందె అదే, నీళ్లు వేరే బావివి అన్నమాట.

మన ప్రాంతంలో దొరికే నూనెగింజలలో ఒమేగా-3 బాగా ఉన్నవి అవిసెలే. అవిసె నూనెలో సగానికి పైగా ఆ కొవ్వే ఉంటుంది. నువ్వులు, పొద్దుతిరుగుడు, కుసుమలలో ఎక్కువగా ఉండేది ఒమేగా-6. పల్లీలలో కూడా ఒమేగా-3 లేనట్టే. కాబట్టి నువ్వులో పల్లీలో పెట్టి ఒమేగా-3 గుడ్డు కోసం ఎదురు చూస్తే రాదు. ఒక్కమాట, ఇక్కడ అవిసెలు అంటే గోధుమ రంగులో నున్నగా మెరిసే చిన్న గింజలు. కొందరు వీటిని మదన గింజలు అంటారు. ఆకు కూరగా వండుకునే అవిసె చెట్టు వేరు, దాని గింజలు వేరు. పేరు ఒకటే అని చెట్టు గింజలు తెచ్చి పెట్టకండి.

మామూలు ఫారం గుడ్డులో ఒమేగా-3 చాలా కొద్దిగా ఉంటుంది. మేతలో నూటికి పది పాళ్లు అవిసెలు కలిపితే రెండు మూడు వారాలలో ఒక్కో గుడ్డులో అది సుమారు 300 మిల్లీగ్రాములకు, ఒక్కోసారి అంతకు పైకి చేరుతుంది. కోడి మరో ఉపకారం కూడా చేస్తుంది. అవిసెలోని ఒమేగా-3ని కొంతవరకు డి.హెచ్.ఎ. అనే రకంగా మార్చి పచ్చసొనలో పెడుతుంది. మెదడుకు, కంటికి కావలసినది ఈ రకమే, చేపలలో ఉండేది కూడా ఇదే. మన ఒంట్లో ఈ మార్పు చాలా తక్కువగా జరుగుతుంది. అందుకని చేపలు తినని గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇటువంటి గుడ్డు వల్ల కొంత మేలు ఉందన్నమాట వాస్తవమే.

పచ్చసొన ఎర్రగా ఉంటే అదే బలమైన గుడ్డని చాలామంది అనుకుంటారు. ఆ రంగు పచ్చ మొక్కజొన్న, ఆకుకూరలు, బంతిపూల రేకుల వంటి వాటి నుండి వస్తుంది. ఒమేగా-3కి రంగు లేదు. పెంకు తెలుపా ఎరుపా అన్నది కోడి జాతిని బట్టి ఉంటుంది, దానికీ బలానికీ సంబంధం లేదు.

ఖర్చు లేని ఉపాయం ఒకటి మన కాళ్ల కిందే ఉంది. 1989లో సిమోపోలస్, సేలం అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గ్రీసు దేశంలో ఆరుబయట తిరిగి మేసే కోళ్ల గుడ్లను పరీక్షించి, దుకాణపు గుడ్లకంటే వాటిలో ఒమేగా-3 ఎన్నో రెట్లు ఎక్కువని వైద్య పత్రికలో రాశారు. ఆ కోళ్లు పురుగులతో పాటు తిన్న ఆకులలో ఒకటి మన గంగవాయిలి కూర! మన దగ్గర మడులలో, కాలువ గట్ల మీద అదే మొలుస్తుంది. కూరకు ఏరుకోగా మిగిలిన కాడలు కోళ్లకు వేయండి. మురుగు కాలువ పక్కన మొలిచినది మాత్రం మీకూ వద్దు, కోడికీ వద్దు.

అవిసెలు పెట్టే పద్ధతి

గుడ్లు పెట్టే కోడి రోజుకు 100 నుండి 120 గ్రాముల మేత తింటుంది. ఇంట్లో పెట్టేవారు ఒక్కో పెట్టకు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు దాటవద్దు. కంపెనీల వారు ఇంతకు రెట్టింపు కలుపుతారు గాని, దానితో పాటు విటమిన్-ఇ వంటివి కూడా లెక్క ప్రకారం చేరుస్తారు. ఇంటి పద్ధతిలో డబ్బా గుడ్డులో ఉన్నంత ఒమేగా-3 రాదు, సుమారు సగం వస్తే చాలనుకోవాలి.

పచ్చి అవిసెలో విటమిన్-బి6ను అడ్డుకునే పదార్థం ఒకటి ఉంటుంది. ఎక్కువగా పెడితే కోడి బరువు తగ్గుతుంది, గుడ్డు చిన్నదవుతుంది, రెట్ట జిగురుగా వస్తుంది. కొన్ని ఎర్ర పెంకు జాతులలో గుడ్డుకు చేపల వాసన కూడా వస్తుంది. అందుచేత అవిసెలను దోరగా వేయించి, చల్లారాక కచ్చాపచ్చాగా దంచి మేతలో కలపండి. రెండు మూడు రోజులకు సరిపడా మాత్రమే దంచుకోండి. దంచిన పొడి నిలవ ఉంటే ముక్కిపోతుంది, ముక్కిన నూనె కోడికీ మంచిది కాదు. పిల్లలకు, ఇంకా గుడ్డుకు రాని పెట్టలకు అవిసెలు వద్దు.

గుండె పేషెంట్లకు ఒక మాట

ఒక చెంచాడు అవిసె పొడిలో, అంటే 5 గ్రాములలో, సుమారు ఒక గ్రాము ఒమేగా-3 ఉంటుంది. మూడు ఒమేగా గుడ్లలో ఉన్నంత! డి.హెచ్.ఎ. సంగతి పక్కన పెడితే, చేతిలో డబ్బు తక్కువ ఉన్నవారు కోడి ద్వారా తిప్పకుండా ఆ పొడిని మజ్జిగలోనో జొన్నరొట్టె పిండిలోనో కలిపి తామే తినవచ్చు. నీళ్లు బాగా తాగాలి. రక్తం పలుచబడే మందులు వాడేవారు, గర్భిణులు ముందు డాక్టరు గారిని అడగండి. మామూలు గుడ్డు కొనే శక్తే ఉన్నవారు దిగులు పడనక్కరలేదు. గుడ్డులోని మాంసకృత్తులు, బి12, ఎ విటమిన్ రెండింటిలోనూ ఒకటే. ఎదిగే పిల్లలకు, బాలింతలకు కావలసినవి ముందుగా అవే.

ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, గుండెకు స్టెంటు వేయించుకున్న ఒక పెద్దాయన మాత్రలు మూడు నెలలు ఆపేసి, వాటికి పెట్టే డబ్బుతో ఒమేగా గుడ్లు కొనుక్కుని రోజుకు నాలుగు చొప్పున తిన్నారు. ఒక రాత్రి ఛాతీ నొప్పితో ఇంటివాళ్లు ఆటోలో తీసుకొచ్చారు. సమయానికి వచ్చారు కనుక దక్కారు. "సహజమైనది గదమ్మా, మందుకన్న మంచిదే గదా అనుకున్న" అన్నారు. గుడ్డు ఆహారం మాత్రమే. స్టెంటులో రక్తం గడ్డకట్టకుండా అది ఆపలేదు. కొలెస్టరాల్ ఎక్కువ ఉన్నవారు, షుగర్ ఉన్నవారు రోజుకు ఎన్ని గుడ్లు తినవచ్చో తమ రిపోర్టులు చూపించి అడగండి.

గానుగ చెక్క

అవిసెల సంగతి అలా ఉంచితే, ఎక్కువమంది కోళ్లకు పెట్టేది గింజ కాదు, నూనె తీసిన తరువాత మిగిలిన చెక్క. ఈ మధ్య నగరం చుట్టూ కట్టె గానుగలు చాలా వెలిశాయి. అక్కడ పల్లి చెక్క, తెలగపిండి, కుసుమ చెక్క సులభంగా దొరుకుతున్నాయి. నూకలు, జొన్నలు మాత్రమే తినే పెట్టకు మాంసకృత్తులు చాలవు. ఆ లోటును చెక్క తీరుస్తుంది.

ఏ చెక్కా ఒంటరిగా పూర్తి మేత కాదు. తెలగపిండిలో మిథియోనిన్ అనే మాంసకృత్తి భాగం బాగా ఉంటుంది, లైసీన్ తక్కువ. సోయా చెక్కలో లైసీన్ బాగుంటుంది. పల్లి చెక్కలో మాంసకృత్తులు ఎక్కువే గాని ఈ రెండూ తక్కువ. మనం అన్నంలో పప్పు కలిపినట్టే రెండు రకాల చెక్కలు కలిపి పెట్టాలి. మొక్కజొన్న గాని నూకలు గాని ఆరు పాళ్లు, రెండు రకాల చెక్క కలిపి రెండు పాళ్లు, తవుడు ఒక పాలు కలిపితే మాంసకృత్తులు నూటికి సుమారు 16 వరకు వస్తాయి. పెట్టలకు అది సరిపోతుంది. పగలంతా తిరిగి మేసే కోళ్లకు సాయంత్రం గంప కిందకు వచ్చేటప్పుడు ఈ మిశ్రమం తలా ఒక గుప్పెడు చాలు. ఆల్చిప్పల పొడి లేదా సున్నపురాయి నూక వేరే చిప్పలో పెట్టి ఉంచండి. ఒక్క గుడ్డు పెంకుకే సుమారు 2 గ్రాముల కాల్షియం పోతుంది. అది గింజలలో దొరకదు. తోలు గుడ్లు పెడుతోందని దిష్టి తీసేవారిని చూశాను, ఆ పెట్టకు కావలసింది సున్నం!

మనకు దగ్గరలోనే రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన సంస్థ ఉంది. ఇంటి పెంపకానికి అనువైన వనరాజ, గ్రామప్రియ కోళ్లను తయారు చేసింది వారే. గుడ్ల కోసం పెంచేవారికి గ్రామప్రియ బాగుంటుంది. అదే రాజేంద్రనగర్‌లో 1977లో మొదలైన నూనెగింజల పరిశోధన సంస్థ కూడా ఉంది. నువ్వులు, కుసుమలు, అవిసెలు, ఆముదాల మీద అక్కడ పని జరుగుతుంది. కోడికి జబ్బు చేస్తే మాత్రం మన ఫార్మసీకి వచ్చి మాత్రలు అడగకండి, పశువుల ఆసుపత్రికి వెళ్లండి. మనుషుల యాంటీబయాటిక్ సగం విరిచి కోడి నోట్లో వేయడం ఇద్దరికీ ప్రమాదమే.

కోడి దరిదాపులకు రానీయకూడనివి

మొదటిది ఆముదాలు. రంగారెడ్డి, పాలమూరు, నల్లగొండ వైపు ఆముదం పంట పాతది. ఆముదం గింజలో రిసిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. గానుగ ఆడినప్పుడు ఆ విషం నూనెలోకి రాదు, చెక్కలోనే మిగిలిపోతుంది. "ఆముదం తాగితే ఏమీ కాలేదు గదా, చెక్క పెడితే ఏమైతది" అనేవారికి ఇదే జవాబు. ఆముదపు చెక్కను ఎరువుగానే వాడాలి. పూలమొక్కలకు వేసినప్పుడు కోళ్లు గోకి తినకుండా మట్టి కప్పాలి. పిల్లలు ఆడుకుంటూ ఆముదం గింజలు గాని, అడవి ఆముదం కాయలు గాని నమిలితే కొన్ని గంటల తరువాత వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. అవి మొదలయ్యేదాకా ఆగకండి. ఉప్పునీళ్లు తాగించి కక్కించకండి. మిగిలిన గింజలను పొట్లం కట్టి పిల్లవాడితో పాటు వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

పత్తి చెక్క బర్రెలకు పెడతారు గనుక కోళ్లకూ మంచిదని అనుకుంటారు. పత్తి గింజలో గాసిపాల్ అనే పదార్థం ఉంది. బర్రె కడుపు దానిని చాలావరకు తట్టుకుంటుంది, కోడి తట్టుకోలేదు. అది తిన్న పెట్ట గుడ్లు నాలుగు రోజులు నిలవ ఉంచితే పచ్చసొన ఆకుపచ్చ, గోధుమ కలిసిన రంగుకు తిరుగుతుంది, తెల్లసొన గులాబీ రంగు పట్టవచ్చు. కానుగ చెక్క, వేప చెక్క కూడా పనికిరావు. కొట్లో అడిగేటప్పుడు స్పష్టంగా పలకండి, గానుగ చెక్క వేరు, కానుగ చెక్క వేరు. ఒక్క అక్షరం తేడాతో ఎరువు మేతగా ఇంటికి వస్తుంది. సోయా గింజలు పచ్చివి పెట్టకూడదు. మాంసకృత్తులు అరగకుండా అడ్డుకునే గుణం వాటిలో ఉంది, బాగా వేడి చేస్తేనే అది పోతుంది.

బూజు పట్టిన చెక్క

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు కొద్ది నెలలలో చచ్చిపోయాయి. ఏదో కొత్త అంటువ్యాధి అనుకున్నారు. చివరకు తేలింది ఏమిటంటే, బ్రెజిల్ నుండి వచ్చిన పల్లి చెక్కకు బూజు పట్టింది, ఆ బూజు ఒక విషాన్ని తయారు చేసింది. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అన్న ఆ బూజు పేరు నుండే దానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు.

మనుషులకు ఏమవుతుందో మన దేశంలోనే చూశారు. 1974లో గుజరాత్, రాజస్థాన్‌లలో కొన్ని గిరిజన గ్రామాల ప్రజలకు కామెర్లు వచ్చి, కడుపులో నీరు చేరి వంద మందికి పైగా చనిపోయారు. అదే తిండి తిన్న కుక్కలూ చచ్చిపోయాయి. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వారు పరిశీలించగా, వానకు తడిసి బూజు పట్టిన మక్కలలో ఇదే విషం బయటపడింది. కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి లోపలికి పోతే కాలేయ క్యాన్సర్‌కు దారి తీస్తుంది. హెపటైటిస్-బి ఉన్నవారికి ఆ ప్రమాదం ఎన్నో రెట్లు ఎక్కువ. బిడ్డ పుట్టగానే వేసే హెపటైటిస్-బి టీకా మానవద్దని తల్లులకు మేము చెప్పడానికి కాలేయమే కారణం.

కోడిలో ఈ విషం మొదట కాలేయాన్నే పాడు చేస్తుంది. మేత తగ్గుతుంది, గుడ్లు తగ్గుతాయి, చిన్న జబ్బుకే కోళ్లు రాలిపోతాయి. కోసి చూస్తే కాలేయం పసుపుగా, మెత్తగా ఉంటుంది. అటువంటి కోడి కార్జం పిల్లలకు వండి పెట్టకండి. విషం గుడ్డులోకి వచ్చేది తక్కువే. బర్రె తింటే మాత్రం పాలలోకి సులభంగా వస్తుంది. అందుకని "కోళ్లకు వద్దన్నరు గదా, బర్రెకు పెడదాం" అనుకోవద్దు.

ఈ విషయంలో మన ఇళ్లలో నమ్మే మూడు మాటలు సరైనవి కావు. ఎండబెడితే పోతుందంటారు, కడిగితే పోతుందంటారు, వేయిస్తే పోతుందంటారు. బూజు కనబడకుండా పోవచ్చు, విషం ఉంటుంది. బూజు కంటికి కనబడని చెక్కలో కూడా విషం ఉండవచ్చు. పెద్ద ఫారాల వారు ప్రయోగశాలలో పరీక్ష చేయించుకోవచ్చు. తక్కువ ఖర్చుతో ఈ విషాన్ని పట్టే పరీక్షను పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వారు తయారు చేశారు. పది కోళ్ల ఇంటికి అది కుదరదు కనుక కొనేటప్పుడే జాగ్రత్త పడాలి. చెక్క విరిస్తే ఫెళ్లున విరగాలి. మెత్తగా, తడిగా ఉన్నా, ముక్క వాసన వచ్చినా, విరిచిన చోట పచ్చగా, నల్లగా పొడి కనబడినా తీసుకోవద్దు. చవకగా ఇస్తానంటే అసలే వద్దు. గానుగ చెక్కలో నూనె కొంత మిగిలి ఉంటుంది కాబట్టి త్వరగా ముక్కుతుంది. పదిహేను రోజులకు సరిపడా మాత్రమే కొనండి, వానాకాలంలో వారానికి చాలు. మూటను నేల మీద, గోడకు ఆనించి పెట్టకుండా చెక్క బల్ల మీద పెట్టండి. పాడైనదానిని కోళ్లు గోకలేనంత లోతుగా గొయ్యి తీసి పూడ్చండి.

ఇదే జాగ్రత్త వంటింట్లో పల్లీలకూ వర్తిస్తుంది. ముడుచుకున్నవి, నల్లబడినవి, చేదుగా ఉన్నవి ఏరి పారేయండి. "దంచి చట్నీ చేస్తే తెలియదులే" అనుకునే గింజలు అవే.

గుడ్డు తినే పద్ధతి గురించి

మేత ఎంత మంచిదైనా గుడ్డు పెంకు మీద రెట్ట అంటుకుని ఉంటుంది. గుడ్లు ఏరిన తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ముఖ్యంగా పిల్లలు. పచ్చి గుడ్డు పాలలో కొట్టి బాలింతలకు, కసరత్తు చేసే కుర్రవాళ్లకు ఇచ్చే అలవాటు ఇంకా ఉంది. పచ్చి గుడ్డుతో సాల్మొనెల్లా క్రిములు వచ్చి జ్వరం, విరేచనాలు పట్టుకోవచ్చు. పైగా పచ్చి తెల్లసొన సరిగా అరగదు. నీళ్లు మరిగాక పది నిమిషాలు ఉడికిస్తే చాలు. ఉడికించినంత మాత్రాన ఒమేగా-3 పెద్దగా పోదు, దానిని నూనెలో ముంచి వేయించినప్పుడే గుండె పేషెంటుకు మళ్లీ లెక్క తప్పుతుంది. పగిలిన గుడ్లు, రెండు మూడు రోజులు ఎండలో పొదుగు గంపలో ఉండిపోయిన గుడ్లు కూరకు వాడవద్దు.